కాయకు దెబ్బ తగలకూడదు

"ఇంకా ఎనిమిది సీట్లు ఖాళీ. ఆ గ్రేడింగు దగ్గరున్న ఆడాళ్లని కూడా రమ్మనండి," అని అరిచాడు అభిరామ్, బస్సు మెట్టు మీద నిలబడి.

మిట్టమధ్యాహ్నం. వైశాఖం ఎండకు రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. షెడ్డులో ఒక పక్క బంగినపల్లి కాయల ట్రేలు వరసలుగా పేర్చి ఉన్నాయి. రెండో పక్క కొత్త బస్సు, రంగు వాసన ఇంకా పోకుండా నిలబడి ఉంది. రెండేళ్ల కిందటిదాకా ఇదంతా తోటే. బసవపున్నారావు గారు కాపు మీదున్న రసాల చెట్లు రెండెకరాలు కొట్టించి, మొద్దులు కలపకు అమ్మి, పర్యావరణాన్ని కాపాడటానికి ఈ ఫ్యాక్టరీ పెట్టారు. గేటు మీద 'బసవా హరిత మోటార్స్' అని ఆకుపచ్చ అక్షరాలు రాయించారు. ఆ ఆవరణలో పచ్చగా మిగిలినవి ఆ అక్షరాలే.

బస్సు సగం డీజిలుతోను, సగం కరెంటుతోను నడుస్తుంది. పల్లంలో దిగేటప్పుడు మోటారు బండిని పట్టి ఉంచి, ఆ పట్టుతోనే బ్యాటరీ నింపుకుంటుంది. ఆలోచన మంచిదే. కానీ పెద్ద కంపెనీలు పూర్తి కరెంటు బస్సులు చేసి రాయితీలు పట్టుకుపోతుంటే, ఈ సగం సగం బస్సుకు ఏ పథకంలోనూ చోటు దొరకలేదు. బ్యాటరీల వ్యాపారి వంద కొంటేనే మాట్లాడతానంటాడు. ఈయనకు కావలసినవి రెండు. ఎక్కడో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ మాత్రం పది బండ్లు తీసుకుంటానంది. వాళ్ల మనిషి రేపు పొద్దున వచ్చి, నిండు బరువుతో బండిని చాట్రాయి రోడ్డు పల్లంలో దింపి చూస్తాడు. అందులో నెగ్గితే ఆర్డరు, లేకపోతే షెడ్డుకు తాళం.

ఈ కష్టాలు నిజమైనవే, కాదనలేం. చిన్నవాడు నిలబడటం ఈ దేశంలో తేలిక కాదు. అయితే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పైవాడు తనను తొక్కితే తాను కిందివాణ్ణి తొక్కవచ్చునని బసవపున్నారావు గారి నమ్మకం. అది వాళ్ల వంశంలో మాన్యంతో పాటు వచ్చిన నమ్మకం.

రేపటికి ముందు ఈ రోజు ఒకసారి నిండు బరువుతో నడిపి చూసుకోవాలి. బరువంటే ఇసుక బస్తాలు. ఇసుక, సంచులు, నింపే కూలీ, ఎక్కించే కూలీ కలిపి పాతికవేల దాకా తేలింది.

"ఇసకెందుకురా? మన మనుషులు లేరూ? కూలి ఎలాగూ ఇస్తున్నాం," అన్నారు బసవపున్నారావు గారు పొద్దున కాఫీ తాగుతూ.

"రూలు ప్రకారం సీటుకి అరవై ఎనిమిది కిలోలుండాలి నాన్నా. మనవాళ్లు అంత తూగరు," అన్నాడు ఇంజనీరింగు చదివిన కొడుకు అభిరామ్.

"అయితే ఇంకో పదిమందిని నిలబెట్టు."

కొడుకు లెక్క వేసి సరే అన్నాడు. ఇద్దరూ ఇంకో కప్పు కాఫీ తాగారు.

గ్రేడింగు దగ్గర నాగమణి లేచి చెంగుకు చేతులు తుడుచుకుంది. పొద్దుటి నుంచి ఆమె పని కాయను తొడిమ దగ్గర పట్టి, సొన కారనిచ్చి, గడ్డి పరచిన ట్రేలో పడుకోబెట్టడం. వేయడం కాదు, పడుకోబెట్టడమే. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునే అయ్యగారి భార్య సుబ్బరత్నమ్మ గారు ఆ పని ఆమెకు తిట్లతోనే నేర్పారు. జానెడు ఎత్తు నుంచి జారినా రెండు రోజులకు కాయ మీద నల్లమచ్చ లేస్తుంది. ఆడవాళ్ల కూలి మూడు వందల యాభై. నిన్న ముసలి సవరమ్మ చేతిలోంచి రెండు కాయలు జారితే అందులో యాభై కోశారు.

మిగతా ఆడవాళ్లు బస్సెక్కుతుంటే నాగమణి మెట్టెక్కకుండా డ్రైవరు కిటికీ కింద ఆగింది. స్టీరింగు ముందు ఉన్నది ఆమె మొగుడు పెద్దిరాజు. నిన్నమొన్నటి దాకా తోట ట్రాక్టరు తోలేవాడు. ఇప్పుడు టెస్ట్ డ్రైవరు అన్నారు. పేరు మార్చారు గాని కూలి మార్చలేదు.

నాలుగు రోజుల కిందట అతను ఇదే బస్సును ఖాళీగా అదే పల్లంలో దింపాడు. సగం దూరంలో మోటారు పట్టు వదిలేసింది. బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా పోయింది. దున్నిన చేలోకి తిప్పాడు కాబట్టి బతికాడు. ఆ సంగతి చెబితే, సాఫ్ట్‌వేర్ మారుస్తానన్నాడు అభిరామ్. బసవపున్నారావు గారు బస్సు చుట్టూ తిరిగి చూసి, పెయింటు గీరుకుందని కేకలేశారు.

"ఏమయ్యా, బండి ఆగుద్దా?" అంది నాగమణి.

పెద్దిరాజు ఆమె వైపు చూడలేదు. "బాబుగారు ఏదో మార్చారంట."

"నేనడిగేది బాబుగారి సంగతి కాదు. తొక్కేది నీ కాలు. ఆగుద్దా, ఆగదా?"

బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. పెద్దిరాజు స్టీరింగును కండువాతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఏమో," అన్నాడు చివరికి.

నాగమణి అభిరామ్ వైపు తిరిగింది. "మీరు కూడా ఎక్కుతున్నారా బాబూ?"

"నేను వెనకాల కార్లో వస్తా. లాప్‌టాప్‌లో రీడింగులు చూడాలి కదా," అన్నాడు అభిరామ్. అలా అనడానికి కుర్రవాడికి సిగ్గు కూడా వేయలేదు.

ఇంతలో బసవపున్నారావు గారు ఏసీ గది నుంచి వచ్చారు. "ఏంటింకా ఆలస్యం? ఎక్కండమ్మా, అరగంట పని. వచ్చాక మజ్జిగిప్పిస్తాను."

"అయ్యగారూ, మీక్కావాల్సింది బరువే కదండీ?"

"అవును. అయితే?"

"మరి ఆ ట్రేలెక్కిద్దామండీ. ఒక్కోటి ఇరవై కిలోలుంటది. మూడు పెడితే ఒక మనిషి లెక్క. తెచ్చేపని లేదు, ఇక్కడే ఉన్నాయి గదా."

సుబ్బరత్నమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "నీకేమన్నా మతి పోయిందేంటే? పల్లంలో బ్రేకేస్తే ఒకదాని మీదొకటి పడి కాయంతా దెబ్బతినదూ? టన్ను నలభై వేల సరుకు!"

బసవపున్నారావు గారికి కోపం రాలేదు. ఆయన నవ్వి, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు ఓపికగా చెప్పారు. "చూడు నాగమణీ, కాయ నోరులేనిది. దాన్ని మనమే చూసుకోవాలి. మీరైతే రాడ్డు పట్టుకుని కూర్చుంటారు గదా?"

అంతలో ఆయన ఫోను మోగింది. బ్యాటరీల వ్యాపారి. అతనితో ఇంగ్లీషులో బతిమాలాలి కాబట్టి కొడుకును కూడా వెంటబెట్టుకుని ఏసీ గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. ఎవరినైనా పది నిమిషాలు అయ్యా బాబూ అనవలసి వస్తే, ఆయన తలుపు మూసుకునే అంటారు.

కోపం వస్తే నాగమణికి గొంతు పెరగదు, తగ్గుతుంది. "నేనెక్కను," అంది మెల్లగా. "రేపు కోతకి పిలవకపోతే మానె. ఉంగుటూరులో మట్టిపనికి పోతాను."

అందరికంటే ముందు దిగింది సవరమ్మ, మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ. "రెండు కాయలకి యాభై కోశారే తల్లీ. నేను పోతే ఎవరికి కోస్తారంట?" అంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు దిగారు. వాళ్లను చూసి, కొంచెం నసిగి, మగవాళ్లూ దిగారు.

నాగమణి ట్రేల వరస దగ్గరికి వెళ్లి పైదాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. బస్సెక్కి, మొదటి సీటులో, నేర్పినట్టే, కాయ కదలకుండా దించింది.

"ఏయ్, ఏంటే అది? దించు! దించమంటే వినపడదూ?" సుబ్బరత్నమ్మ గారు అరిచారు.

నాగమణి రెండో ట్రే కోసం వచ్చింది. ఆమెకు సవరమ్మ అందించింది. సవరమ్మకు ఇంకొకరు అందించారు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. ట్రేలు చేతి నుంచి చేతికి పోయి సీటుకు మూడు చొప్పున కూర్చున్నాయి. ఒక్క కాయ జారలేదు. ఇన్నేళ్ల పనిలో ఇంత జాగ్రత్తగా వాళ్లెన్నడూ సరుకు ఎక్కించలేదు. సుబ్బరత్నమ్మ గారు ఏసీ గది తలుపు బాదుతూ, "ఏమండీ, ఏమండీ" అని కేకలు పెట్టినా, లోపలి నుంచి "ఉండు, ఫోన్లో ఉన్నాను" అన్న జవాబే వస్తోంది.

వెనక సీటు కూడా నిండాక నాగమణి దిగి కిటికీ కిందికి వచ్చింది.

"బరువెక్కింది. ఇంక తియ్యి," అంది.

పెద్దిరాజు ఈసారి ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తాళం తిప్పాడు.

ఇంజను చప్పుడుకు గది తలుపు తెరుచుకుంది. ఒక చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని బసవపున్నారావు గారు పరుగెత్తుకొచ్చారు. సీట్ల నిండా పసుపు తిరుగుతున్న కాయలను అద్దంలోంచి చూశారు. ఒక చెప్పు ఊడిపోయింది. ఫోను కింద పడింది. అందులో బ్యాటరీల వ్యాపారి హలో హలో అంటూనే ఉన్నాడు. ముప్ఫై మంది మనుషులు ఎక్కి కూర్చున్నప్పుడు మజ్జిగ మాట తప్ప మరో మాట రాని పెద్దమనిషి, ఇప్పుడు బస్సు ముందుకొచ్చి రెండు చేతులూ బారచాపి అడ్డంగా నిలబడ్డారు.

"ఆపరా! ఒరే పెద్దిరాజూ, కదిలిస్తే చూడు! కాయ... కాయ పోద్దిరా!"

పెద్దిరాజు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. పొద్దుటి నుంచి అయ్యగారితో అతను మాట్లాడటం అదే మొదలు.

"పక్కకి జరగండయ్యగారూ. దీని బ్రేకుల సంగతి మీకు చెప్పాను గదా."

ఆయన జరగలేదు. పెద్దిరాజు ఇంజను ఆపలేదు. ఆ అదురుకు సీట్లలో కాయలు సన్నగా కదులుతున్నాయి.