ఉరుకుందమ్మ కొట్టిన గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. మూరెడు పొడవుంటాను. గుంతకల్లులో బధిర బాలికల బడి వసారాలో ఇనుప గొలుసుకు వేలాడుతున్నాను. ఇప్పుడు నన్నెవరూ కొట్టరు. గదిగదికీ ఎర్ర బల్బులు వచ్చాయి, పీరియడ్ అయిపోగానే అవే వెలుగుతాయి. కాకులు వాలడానికి తప్ప నాతో ఎవరికీ పని లేదు. పని లేనప్పుడు పాత సంగతులు గుర్తుకొస్తాయి కదా, నా పరిస్థితీ అంతే.

పుట్టింది భిలాయి కొలిమిలో అయినా పెరిగింది గుంతకల్లు జంక్షన్ శివార్లలోనే. ఎన్ని మెయిళ్లు, ఎన్ని గూడ్సులు నా వీపు మీద నుంచి వెళ్లాయో లెక్కే లేదు. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు పొలాలను చూశారు, ఆకాశాన్ని చూశారు, నన్ను మాత్రం ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. అరిగిపోయాక కోసి తుక్కులో వేశారు. అక్కడి నుంచి ఒక ట్యూషన్ మాస్టారు తీసుకెళ్లి గంటగా వేలాడదీశాడు. పొద్దున మొదటి గంటకు నన్ను తిట్టుకున్న పిల్లలే సాయంత్రం చివరి గంటకు దేవుడిలా చూసేవాళ్లు. నేను మోగేది రెండుసార్లూ ఒకేలాగే!

ఆ ట్యూషన్ మూతపడ్డాక నూనె మిల్లు ఆసామి ఒకాయన నన్ను కొని ఈ బడికి దానం చేశాడు. నాకు పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయన మైకు పట్టుకుని, "ఈ గంట మోత ఈ చిన్నారుల చెవుల్లో అమృతం పోయాలి" అన్నాడు. టీచర్లు నేల చూపులు చూశారు. ఆయన పెదాలు కదలడం ఆగగానే పిల్లలంతా చేతులు పైకెత్తి వేళ్లు ఆడించారు. వాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి. పాపం ఆయన, పిల్లలు టాటా చెబుతున్నారనుకుని గబగబా కారెక్కేశాడు.

బడిలో నా మోత టీచర్లకు, వంటామెకు, గేటు బయట ఇడ్లీ బండివాడికి పనికొచ్చేది. పిల్లల కోసం అటెండర్ దస్తగిరి నన్ను కొట్టాక గుమ్మం గుమ్మానికీ వెళ్లి పచ్చ గుడ్డ ఊపేవాడు. చేరకూడని చోటికి చేరానని లోలోపల కుమిలిపోయాను.

అప్పుడు వచ్చింది ఉరుకుందమ్మ. గొర్రెల కాపరి ఈరన్న కూతురు. పదేళ్లు వచ్చాకగానీ బడి ముఖం చూడలేదు. తలెత్తేది కాదు. తనకు అంత చోటు కూడా ఎక్కువేనన్నట్టు గోడకు అంటుకుని నడిచేది. ఎవరైనా తన వైపు వేలు చూపిస్తే బిక్కచచ్చిపోయేది, ఊళ్లో జనం అలా చూపించే నవ్వేవాళ్లట. ఒకరోజు దస్తగిరి నన్ను కొట్టి వెళ్లగానే దొంగలా వచ్చి నా మీద అరచేయి ఆనించింది. నాలో వణుకు ఇంకా ఉంది. ఆ పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. వణుకు పూర్తిగా ఆగేదాకా చేయి తీయలేదు. అన్ని రైళ్లు మోసిన నన్ను అంత ప్రేమగా తాకిన చేయి అదే మొదటిది. సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది.

హెడ్మిస్ట్రెస్ ఎస్తేరు రాణి మేడం అది చూసి, మర్నాడు సుత్తి ఆ పిల్ల చేతికిచ్చింది.

"వినపడని పిల్ల గంట ఎట్లా కొడుతుంది మేడం?" అన్నాడు లెక్కల సారు.

"గడియారం చూసేది కండ్లతోనే కదా సార్!" అంది మేడం.

ఉరుకుందమ్మ మొదటి దెబ్బ మెల్లగా వేసింది. అరచేత్తో నన్ను తడిమి, చాలలేదని తెలుసుకుని మళ్లీ కొట్టింది. ఆ దెబ్బకు వంటామె చేతిలో గరిటె జారిపడింది. ఇక గంట కొట్టే పని ఉరుకుందమ్మదే అయిపోయింది. తోటి పిల్లలు ఆమెకు సైగల్లో ఒక పేరు పెట్టారు, పిడికిలితో అరచేతిని గుద్దడం. ఆ పేరుతో పిలిస్తే ఎంత దర్జాగా తలెత్తేదో! చదువులోనూ అలాగే తలెత్తింది.

ఏడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఈరన్న వచ్చాడు. కూతురి ట్రంకుపెట్టెను తెప్పించి వసారాలో స్తంభం పక్కన పెట్టుకున్నాడు.

"ఇంటికాడ గొర్లకు మనిషి ల్యాడు మేడం. పాపను పిలుచుకోని పోతా."

"బాగా చదువుతోందయ్యా. పదో తరగతి దాకా ఉండనీ."

"చెవిటిదానికి సదువేంటికమ్మా? సదివినా దాన్ని ఎవురు లెక్కజేస్తారు?"

ఉరుకుందమ్మకు ఆ మాటలు వినపడలేదు, కానీ పెట్టె కనపడింది. ముఖంలో నెత్తురు లేదు. తండ్రిని చూసింది, మేడంను చూసింది, గోడ గడియారాన్ని చూసింది. గంట కొట్టే వేళయింది. కన్నీళ్లు తుడుచుకుంటూనే నా దగ్గరికి వచ్చి సుత్తి అందుకుంది. నా ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టుకుని మోగాను.

గదుల్లోంచి టీచర్లు బయటికి వచ్చారు. వంటామె గిన్నెల మూతలు తీసింది. గేటు బయట బండివాడు పొయ్యి వెలిగించాడు. ఈరన్న తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"దినామూ ఇదేనా కొట్టేది?"

"ఇన్నాళ్లుగా తనే."

"ఇంతమంది నా కూతురు మాట ఇంటారా?" అన్నాడు, మెల్లగా.

ఈరన్న కూతురి వైపు చూశాడు. తర్వాత ట్రంకుపెట్టెను భుజానికెత్తుకుని, "ఇది యాడ పెట్టాల మేడం?" అని అడిగాడు. హాస్టల్ గదిలో దించి వచ్చి, గేటు దాకా నడిచాడు. పోతున్నానని కూతురితో చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్ల అటు తిరిగి, అందాకా చేతిలోనే ఉన్న సుత్తిని గోడ మేకుకు తగిలిస్తోంది. గొర్రెల వెంట ఉన్నప్పుడు ఆమెను పిలవాలంటే వీపు మీదికి మట్టిగడ్డ విసరడం ఆయన అలవాటు. వంగి ఒకటి తీశాడు కూడా. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత దాన్ని కింద పడేసి, ఎండలో ఆవరణంతా నడిచి వెనక్కి వచ్చి, కూతురి భుజం మీద చేయి వేశాడు. ఉరుకుందమ్మ తిరిగి చూసింది.