నెలకోసారి ఖాళీ చేసే ట్యాంకు

మంచాన పడ్డ అత్తగారికి స్నానం చేయించాలంటే కోడలికి తలప్రాణం తోకకొచ్చేది. బావి నీళ్ళు షవరులో సన్నగా వస్తూ వస్తూ ఒక్కసారిగా ఎగదన్నేవి. పెద్దావిడ ఉలిక్కిపడి కుర్చీలోంచి జారబోయేది. రెండుసార్లు అలా అయ్యాక ఇక స్నానమే వద్దని మొండికేసింది. వారమైంది. వీపు ఎర్రబడుతోంది, పుండు పడితే ఇక అంతేనని కోడలు హడలిపోయి పంపు మెకానిక్‌ను పిలిపించింది.

అతను పెరట్లో ఉన్న ఇనప ట్యాంకును కింది నుంచి పైదాకా వేళ్ళతో తట్టి, లోపల గాలి మచ్చుకైనా లేదన్నాడు. నీళ్ళను తోసేది ఆ గాలేనట. ఈ పాతరకంలో గాలీ నీళ్ళూ కలిసే ఉంటాయి కాబట్టి గాలి మెల్లగా నీళ్ళలో కరిగిపోతుందట. కొత్తవాటిలో మధ్యన రబ్బరు అడ్డం ఉంటుంది, అవి రెండు రకాలు. రబ్బరు పొర ఉన్నది చవకే గానీ, పొర చిరిగితే ట్యాంకే పారెయ్యాలి. రబ్బరు తిత్తి ఉన్నది ఖరీదు, కానీ తిత్తి ఒక్కటీ మార్చుకుంటే చాలు.

"ఇన్నేళ్ళూ ఇది బాగానే పనిచేసింది కదండీ?" అంది కోడలు.

"ఎవరో నెలనెలా ఖాళీ చేసి గాలి పట్టించి ఉంటారమ్మా. లేకపోతే మొదటి ఏడాదే మొరాయించేది."

నెలనెలా అత్తగారు పెరట్లో కుళాయి తిప్పి బకెట్లకొద్దీ నీళ్ళు వదిలెయ్యడం కోడలు చూసింది. చూసి ఊరుకుందా? చాదస్తమని మొగుడితో కలిసి నవ్వింది. నీళ్ళు దండగ చేస్తున్నారని ఓసారి నలుగురిలో కసిరింది కూడా. పెద్దావిడ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ కాలు విరిగి నాలుగు నెలలు. మరి గాలి పోకేం చేస్తుంది!

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా? నేను చేసేదాన్ని కదా."

"చేస్తావనే చెప్పలేదు. నన్ను ఎత్తి దించడానికే నీ నడుం పడిపోతోంది."

ట్యాంకుల సంగతంతా విని, ఖరీదైనా తిత్తి ఉన్నదే కొనమంది ఆవిడ. కోడలికి నెలనెలా ఆ చాకిరీ తప్పుతుందట.

మర్నాడు కొత్త ట్యాంకు బిగించారు. నీళ్ళు ఒకే ధారగా వచ్చాయి. కోడలు షవరును ముందు తన చేతిమీద పట్టి చూసుకుని, తర్వాత అత్తగారి వీపుమీదికి తిప్పింది. కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్న పెద్దావిడ వేళ్ళు కాసేపటికి వదులయ్యాయి.

"అత్తయ్యా, ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని కసిరాను. తప్పయిపోయింది."

"ఏ రోజు?" అంది పెద్దావిడ కళ్ళు మూసుకునే. "ఇంకాస్త పైకి పట్టు, భుజాల మీదికి."