సున్నా ఏ వేలితో కొడతారు?

సినిమా ఫైలు తయారవుతూ డెబ్భై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయింది. రెండోసారి.

ఎడిటరమ్మ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, తెర మధ్యలో వచ్చిన చిన్న పెట్టెను చదివింది. డిస్కులో చోటు చాలడం లేదట. డి డ్రైవులో ఇంకా డెబ్భై జీబీ ఖాళీ ఉందని పక్కన చూపిస్తున్నదీ ఆ కంప్యూటరే.

గోడ గడియారం పదీ పది. సాయంత్రం అయిదింటిలోగా సినిమా పోటీవాళ్ల వెబ్‌సైట్‌కి ఎక్కకపోతే అంతే సంగతులు. ఇరవై రెండు నిమిషాల సినిమా, ఒకే ఫైలుగా, నాణ్యత తగ్గకుండా ఉండాలి. ముక్కలు చేసి పంపితే తీసుకోరని నిబంధనల్లో లావుపాటి అక్షరాలతో రాసి ఉంది.

ఎడిటరమ్మ అన్న పేరు వీధి పెట్టింది. ఇంట్లో కూర్చుని ఊళ్లోవాళ్ల పుట్టినరోజు వీడియోలూ స్కూలు వార్షికోత్సవాలూ కత్తిరించి అతికించడం ఆమె పని. ఈ సినిమా మాత్రం సొంతం. రేవులో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపిన ఒక అక్క గురించి. మూడేళ్లపాటు, సెలవు దొరికినప్పుడల్లా నూట నలభై మెట్లెక్కి, అద్దాల గదిలో ఆవిడ పక్కన నక్కి కూర్చుని తీసింది. పోయిన నెల ఆ క్రేన్‌ని ముక్కలుగా విప్పి ఇనప సామాను కింద తోలేశారు. ఇంక కెమెరా పట్టుకుని పరిగెత్తినా తీయడానికి అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఉన్నదంతా డి డ్రైవులోనే ఉంది; సి డ్రైవు ఎప్పుడో నిండిపోయింది. మూడు వందల జీబీ. రెండో కాపీ పెట్టుకోవాలని ప్రతి ఆదివారం అనుకునేది. అనుకోవడంతోనే ఆదివారాలు గడిచిపోయాయి.

భర్త డ్యూటీలో ఉన్నాడు. అక్కడ ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఆమె కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది. వీధిలో అతన్ని ఫార్మాట్ డాక్టరు అంటారు. ఏ రోగానికైనా అతని దగ్గరున్నది ఒకే మందు, డిస్కు మొత్తం తుడిచేయడం.

"ఫార్మాట్ కొట్టేద్దామమ్మా" అన్నాడు, ఆమె సగం చెప్పకముందే.

"ముందు రోగమేంటో వినండి."

విన్నాడు. "అదా. మీ డి డ్రైవు పాత పద్ధతిదమ్మా. ఫ్యాట్ థర్టీటూ అంటారు. నాలుగు జీబీ దాటిన ఫైలు దాని గొంతు దిగదు. ఖాళీ ఎంతున్నా అంతే. మీ సినిమా ఎంత?"

"అయిదు జీబీ పైమాటే."

"చూశారా. కొత్త పద్ధతిలోకి మార్చాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్. కాపీ తీసుకుని ఫార్మాట్ కొడితే పది నిమిషాల పని."

"కాపీకి ఎక్కడా చోటు లేదు. లోపలున్నవి పోకుండా మార్చే దారి లేదా?"

అతను కాసేపు గొణిగాడు. "కన్వర్ట్ అని ఒక కమాండు ఉంది. ముందు డిస్కు చెక్ చేసుకుని, తప్పులుంటే సరిచేసుకుని, అప్పుడు కొట్టాలి. నేనైతే వాడను."

"ఎందుకని?"

"అలవాటు లేదమ్మా."

ఎడిటరమ్మ ఫోన్ పెట్టేసి, కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచింది. డిస్కు చెక్ మొదలైంది. పోయిన వారం కరెంటు పోయినప్పుడు కంప్యూటరు ఉన్నపళంగా ఆరిపోయింది. ఆ దెబ్బకి రెండు మూడు చోట్ల లెక్క తప్పినట్టుంది; తప్పులు దొరికాయి, సరిచేశాను అంది యంత్రం. దానికే గంట పట్టింది. గడియారం పదకొండుంపావు.

ఇప్పుడు అసలు పని. కన్వర్ట్ కమాండు కొట్టి ఎంటర్ నొక్కింది. యంత్రం వెంటనే పని మొదలుపెట్టలేదు. డి డ్రైవుకి ప్రస్తుతం ఉన్న పేరేంటో చెప్పమంది. పొరపాటున వేరే డ్రైవు మీద చెయ్యి పడకుండా అదో కాపలా.

పేరు ఆమెకి తెలుసు. ఆ డిస్కు మామగారిది. ముప్ఫై అయిదేళ్లు టైపింగ్ స్కూలు నడిపి, చివర్లో ఇంటికి కంప్యూటరు తెచ్చుకుని, పాఠాలన్నీ అందులో దాచుకున్నారు. తర్వాత డబ్బా మారింది, తెర మారింది, డిస్కు మాత్రం అదే. దాని పేరూ ఆయన పెట్టిందే. టైపింగ్ అని ఇంగ్లీషు పెద్దక్షరాలు, వాటి పక్కనే కొన్న సంవత్సరం, 2008.

కొట్టింది. మీరిచ్చిన పేరు తప్పు అంది యంత్రం.

మళ్లీ కొట్టింది, ఒక్కో అక్షరం తెర మీద చూసుకుంటూ. తప్పు. చిన్నక్షరాలతో కొట్టింది. తప్పు. మధ్యలో ఖాళీ వదిలి కొట్టింది. తప్పు. కళ్లెదుట అంత స్పష్టంగా కనిపిస్తున్న పేరుని ఆ పెట్టె నేనెరగనంటే నేనెరగనంటోంది.

మళ్లీ ఫోన్.

"పేరే గుర్తుపట్టడం లేదంటే డిస్కు పోయే లక్షణమమ్మా" అన్నాడు ఫార్మాట్ డాక్టరు. గొంతులో దిగులు కన్నా సంబరమే ఎక్కువ వినిపించింది. "పేరున్న చోటే పాడైంది. పూర్తిగా పోకముందే ఫార్మాట్ కొట్టేసి, తర్వాత సాఫ్ట్‌వేర్ పెట్టి పాతవి వెనక్కి లాగుదాం. ఎనభై శాతం వస్తాయి."

"ఏ ఎనభై?"

"అంటే?"

"క్రేన్ ఎక్కే ఎనభయ్యా, దిగే ఎనభయ్యా?"

అతనికి అర్థం కాలేదు. ఆమె వివరించే ఓపిక లేక పెట్టేసింది.

పన్నెండైంది. సినిమాని ఫైలుగా చేయడానికి గంటా పావు, పంపడానికి రెండు గంటల పైన. వెనక్కి లెక్కేస్తే ఒంటిగంటకల్లా ఈ ముడి వీడాలి. వేరే మెకానిక్ నెంబరు కోసం వంటగదిలోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు మీద ఫోన్ నెంబర్ల కాగితం ఉంటుంది. మామగారు తన పాత టైపు మిషన్ మీద కొట్టి అతికించిన కాగితం.

అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో గరిటె తిప్పుతున్నారు. కోడలి మొహం చూసి గరిటె ఆపారు.

"ఏమంటోంది నీ పెట్టె?"

"పేరు తప్పంటోంది అత్తయ్యా. మామయ్యగారు పెట్టిన పేరే కొడుతున్నా."

"ఆయన పెట్టిన పేర్లతో ఎప్పుడూ తంటాయేలే. ఎవరికి ఫోన్ చేస్తున్నావ్?"

"ఇంకో మెకానిక్ ఉన్నాడుగా, ఆసుపత్రి సందులో." ఆమె వేలు కాగితం మీద కిందికి జారుతోంది. "ఇదేంటి, తొమ్మిది ఎనిమిది సున్నా సున్నా..."

"ఆ సున్నాలు చూడు, మీ మామయ్యగారి పొట్టలాగా ఎలా ఉబ్బాయో" అన్నారు అత్తగారు. "ఆ మిషన్‌ అరిగిపోయిందేమో అంటే ఒప్పుకోరు."

వేలు ఆగిపోయింది.

రోజుకి పదిగంటలు రెండు బొమ్మల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే ఎడిటరమ్మ బతుకుతెరువు. ఆ కళ్లతో కాగితాన్ని మళ్లీ చూసింది. సున్నాలు నిజంగానే లావు. మిగతా అంకెలన్నీ సన్నగా, నిటారుగా ఉన్నాయి; సున్నాలు మాత్రం బొద్దుగా పక్కవాటిని తోసుకుంటున్నాయి. ఆ పై వరుస మొదట్లో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో డాక్టర్ అని ఉంది. అందులోని ఓ అక్షరానిదీ అదే బొద్దు. రెండుసార్లు.

ఆమె కాగితాన్ని ఫ్రిజ్ మీద నుంచి పీకేసింది.

మామగారు ముందుగదిలో పేపరు చదువుతున్నారు. కోడలు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామయ్యగారూ, సున్నా ఏ వేలితో కొడతారు?"

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. ముప్ఫై అయిదేళ్ల మాస్టారు మరి, ప్రశ్న ఎందుకని అడగలేదు. జవాబు చెప్పారు.

"ఉంగరపు వేలితో. కుడిచెయ్యి."

"కంప్యూటరు మీద సున్నా చిటికెన వేలి కింద కదా ఉంటుంది. అంకెల వరుస చివర్లో."

"ఉంటుందేమో. నేను దాని జోలికి పోలేదు." పేపరు మడిచారు. "నేను నేర్చుకున్న మిషన్‌కి సున్నా మీటే లేదమ్మా. ఒకటి కూడా లేదు. ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టమనేవాళ్లు. సున్నా కావాలంటే పెద్ద ఓ అక్షరం. ఉంగరపు వేలు అంకెల దాకా కూడా వెళ్లక్కర్లేదు, ఒక్క వరుస పైకెత్తితే చాలు. నా దగ్గర నేర్చుకున్న వెయ్యిమందీ అంతే కొట్టారు. ఒక్కరికీ ఇబ్బంది రాలేదు."

"ఇవాళ నాకొచ్చింది."

"నీకు నేను నేర్పలేదుగా. రెండు వేళ్లతో కోడి గింజలేరినట్టు కొడతావ్."

ఆమె అప్పటికే కంప్యూటరు గదిలో ఉంది. వెనకాలే మామగారూ, గరిటెతో అత్తగారూ వచ్చారు. నల్ల తెర పేరు చెప్పమని ఎదురుచూస్తోంది. ఎడిటరమ్మ టైపింగ్ అని కొట్టింది. రెండు కొట్టింది. ఆగి, కుడిచేతి ఉంగరపు వేలుని ఓ అక్షరం మీద పెట్టింది.

"మణికట్టు ఎత్తు" అన్నారు మామగారు.

మణికట్టు ఎత్తింది. ఓ. ఓ. ఎనిమిది. ఎంటర్.

యంత్రం ఈసారి తప్పు అనలేదు. ఏమీ అనలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు ఒక్కో వరుసా పైకి పాకడం మొదలైంది. చోటు ఎంత కావాలో లెక్క చూసుకుంటున్నాను. చోటు సరిపోతుంది. మారుస్తున్నాను.

"అంటే మీ మిషన్‌ అరగలేదన్నమాట" అన్నారు అత్తగారు భర్తతో.

"ముప్ఫయ్యేళ్లుగా చెబుతున్నా."

మార్పిడి ఇరవై నిమిషాలు సాగింది. మధ్యలో ఒకసారి ఆరు నిమిషాలపాటు తెర మీద చుక్క కదల్లేదు. ఎడిటరమ్మ స్విచ్చు వైపు ఎవరూ వెళ్లకుండా కుర్చీ అడ్డం పెట్టింది. ఈ దశలో కరెంటు పోయినా, ఎవరి కాలైనా వైరుకి తగిలినా, మూడేళ్లూ నూట నలభై మెట్లూ గాల్లో కలిసిపోతాయి. మామగారు వెళ్లి గదిలో ఫ్యాను ఆపి, ముందుగదిలో టీవీ ప్లగ్గు తీసేసి వచ్చారు. అత్తగారు ఫ్రిజ్ కూడా ఆపబోతుంటే ఇద్దరూ కలిసి వద్దన్నారు.

పన్నెండూ నలభైకి మార్పిడి పూర్తయింది అన్న వరుస వచ్చింది.

ఆమె ముందు ఫుటేజీ తెరిచింది. మొదటి రోజు తీసిన ముక్క: అద్దాల గది, లీవర్ మీద అక్క చెయ్యి, కింద ఎక్కడో చీమల్లా లారీలు. ఆడింది. ఆఖరి రోజుది తెరిచింది. అక్క మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూసే ముక్క. అదీ ఆడింది. అప్పుడు సినిమా ఎక్కించి మళ్లీ మొదలుపెట్టింది.

డెబ్భై అయిదు. డెబ్భై ఆరు. డెబ్భై ఏడు. మామగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. డెబ్భై ఎనిమిది. కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎనభై ఒకటి. పొద్దున గొంతు దిగదన్న డ్రైవు అయిదు జీబీల సినిమాని ఒక్క గుటకలో మింగి కూర్చుంది.

నాలుగూ పన్నెండుకి వెబ్‌సైట్ పచ్చటి అక్షరాలతో అందింది అని చెప్పింది. గడువుకి నలభై ఎనిమిది నిమిషాల ముందు. ఎడిటరమ్మ మొదట క్రేన్ అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, వెళ్లిపోయింది."

"ఏదీ, నా క్రేనా? అది పోయిన నెలే పోయిందిగా."

"పోలేదు. ఇప్పుడే పంపాను, నిలువునా."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు రేవంతా వినపడేంత పెద్దది. "అయితే దించేటప్పుడు జాగ్రత్తని చెప్పు వాళ్లకి."

సాయంత్రం ఫార్మాట్ డాక్టరు తనే ఫోన్ చేశాడు, పరామర్శకి.

"ఏం చేశారమ్మా, కొట్టేశారా?"

"కొట్టాను. ఉంగరపు వేలితో." జరిగిందంతా చెప్పింది.

"ఓస్, అంతేనా" అన్నాడు. "డ్రైవు మీద నొక్కి, ఆ పేరు తీసేసి, ఏబీసీ అని మార్చుకుంటే పోయేదిగా. అర నిమిషం పని."

ఎడిటరమ్మ నాలుక కరుచుకుంది. నిజమే. ఆ కంగారులో అది తట్టనే లేదు. తట్టనిది తన ఒక్కదానికే కాదని కూడా గుర్తొచ్చింది.

"ఈ ముక్క పొద్దున చెప్పలేదేం, డాక్టరుగారూ?"



"పేరు తీసేస్తానంటే నేనొప్పుకునేవాణ్ణి కాదులే" అన్నారు మామగారు పక్కనుంచి, అవతలికి వినపడేలా. తర్వాత కోడలి కుర్చీ వెనక్కి లాగారు. "వేళ్లు ఇటు పెట్టు. ఏ, ఎస్, డి, ఎఫ్. రేపట్నించి ఉదయం అరగంట. మళ్లీ సినిమా తీస్తావుగా."

ఆమె వేళ్లు పెట్టింది.

"మణికట్టు" అన్నారు మామగారు.