పెల్ దించిన బండి

ప్రసన్నలక్ష్మి ఆరో నెల కడుపుతో కేజ్ లాగుతోంది. నేను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

కేజ్ అంటే చక్రాలున్న ఇనుప పంజరం. మనిషి కంటే ఎత్తు. నిండా పెట్టెలు పేర్చి ఇంగ్లండులోని ఈ నార్తాంప్టన్ గోడౌన్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు లాగాలి. మూడోసారికి ఆమె కాళ్ళు మడతపడ్డాయి. పంజరం కమ్మీ పట్టుకుని వేలాడింది.

కాంట్రాక్టర్ ఆంజనేయప్రసాద్ వచ్చాడు. మన గుంటూరువాడే.

"ప్రసాద్ గారూ, లేబుళ్ళ బల్ల దగ్గర వెయ్యండి. కూచుని అంటిస్తానండి. డాక్టరు కాగితం కూడా తెచ్చానండి."

"కాగితాలు నా దగ్గరా బోలెడున్నాయమ్మా. లాగలేకపోతే సోమవారం నుంచి షిఫ్టుల రోటాలో నీ పేరుండదు." గేటు వైపు వేలు చూపించాడు. "ఆ పెద్దాయన్ని చూసి సిగ్గు తెచ్చుకో."

పెద్దాయన అంటే గేటు మీది బొమ్మ. జోసయా పెల్. గడ్డం, టోపీ, చేతిబండి. నూట డెబ్బై ఏళ్ళ కిందట ఇదే స్థలంలో చెప్పులు కుట్టాడట. మోర్మన్ మతంలో కలిసి, ఆ తొలిరోజుల్లోనే సంఘపెద్ద అయ్యాడట. జనాన్ని వెంటేసుకుని ఓడెక్కి అమెరికా పోయి, కొండలూ బీళ్ళూ దాటుకుంటూ వందల మైళ్ళు బండి లాగాడట. రోజూ షిఫ్టు మొదట్లో ప్రసాద్ మమ్మల్ని నిలబెట్టి ఈ కథ చెబుతాడు. ఆఖరి మాట ఒకటే. "నోరెత్తకుండా లాగాడు."

ఒకరి భక్తిని తెచ్చి మా మెడకు కాడిగా కట్టాడు. నేనూ నోరెత్తలేదు.

ఆ మధ్యాహ్నం కాంటీన్‌లో దేవదానం ఒక పుస్తకం తెరిచాడు. ఒంగోలు పాస్టరు గారబ్బాయి, ఎమ్మెస్సీ చదువుతూ కేజ్ లాగుతాడు. లైబ్రరీలో పెల్ జీవితచరిత్ర దొరికిందట.

"మోర్మన్ అంటే మార్వాడీ లెక్కనా?" అంది బాలమణి. కరీంనగర్ మనిషి. ఏడేళ్ళుగా ఇక్కడే లాగుతోంది.

"కాదక్కా. ఏసు మతంలోనే ఇంకో దారి. ఆ దారి పట్టాడని యజమాని పనిలోంచి గెంటేశాడంట. ఊళ్ళో రాళ్ళేశారంట."

"గెంటేసిండా? గది చెప్పడేంది మన ప్రసాదు?"

"ఇదీ చెప్పడు, వినండి." దేవదానం వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పాడు. దారిలో జ్వరంతో తూలుతున్న ఒకామెను బండి లాగమని పై అధికారి గద్దించాడు. పెల్ తన బండి కిందికి దించాడు. 'ఈమె బండెక్కేదాకా నా బండి కదలదు' అన్నాడు. వెనక నలభై బండ్లూ దిగాయి. అతని పెద్దరికం ఊడబీకారు. ఆమె మాత్రం బండెక్కింది.

"ఆయన సచ్చి నూరేండ్లయింది. మన వీసాలు ఇంకా బతికున్నయ్," అన్నాడు సిద్దిపేట నుంచి వచ్చిన ఒక విద్యార్థి.

"వీసా సంకల పెట్టుకొని పండు పిలగా!" బాలమణి లేచింది. "రేపు నీ పెండ్లాం గిట్లనే గుంజుతది. గప్పుడు సుత వీసా సూపియ్యి!"

"ఒక్కరు ఆగితే తీసేస్తాడు. అరవై మందిమీ ఆగితే లారీలెవడు నింపుతాడు?" అన్నాడు దేవదానం.

ప్రసన్నలక్ష్మి కంగారుపడింది. "నా కోసం మీరంతా ఎందుకండీ..."

ఆ గోడౌన్‌లో నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. "నీ కోసం కాదమ్మా," అన్నాను. "మేం చూస్తూ నిలబడ్డాం. ఆ మురికి మేం కడుక్కోవాలి."

మర్నాడు పొద్దున ప్రసాద్ మామూలుగానే కథ చెప్పాడు. "నోరెత్తకుండా లాగాడు. ఊఁ, కదలండి!"

కేజ్‌కి కింద కాలితో తొక్కే బ్రేకు ఉంటుంది. బాలమణి తొక్కింది. టక్. దేవదానం తొక్కాడు. టక్. ఆ వెనక సిద్దిపేట విద్యార్థి. ఆ తర్వాత రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వరసంతా. లారీ డ్రైవర్లు దిగొచ్చి చూశారు. నేను చీపురు నేల మీద పెట్టాను.

ప్రసాద్ మొహం నల్లబడింది. "ఎవడ్రా మీ లీడరు? పేరు చెప్పండి. వాడొక్కణ్ణీ పంపించి మిగతావాళ్ళని వదిలేస్తా!"

ప్రసన్నలక్ష్మి నడుం మీద చెయ్యేసుకుని ముందుకొచ్చింది.

"జోసయా పెల్ అండీ," అంది. "గేటు దగ్గరే ఉంటాడు. రోజూ మీరే కదండీ చూపిస్తారు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. ప్రసాద్ ఫోను తీశాడు, పోలీసులంటూ. ఆమె వెనక్కి చూడకుండా లేబుళ్ళ బల్ల దాకా నడిచి, కుర్చీ లాక్కుని కూచుంది.

ఆమె పేరు సోమవారం రోటాలో ఇంకా పడలేదు. ఒక్క పంజరమూ కదల్లేదు.