పెరట్లో బోరు

శేషయ్య కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో, కొలిమిల దగ్గర బతుకంతా పనిచేసి రిటైరయ్యాడు. వేడి సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

భార్య లలితకు నరాల జబ్బు. ఒళ్ళు వేడెక్కితే కాళ్ళు మాట వినవు. చల్లగా ఉంటే గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఆ నాలుగడుగుల కోసమే గది ఎప్పుడూ చల్లగా ఉంచమన్నాడు డాక్టరు. మామూలు ఏసీతో పోయేదానికి శేషయ్య పుస్తకాలు తిరగేశాడు. చలిదేశాల్లో భూమిలోకి గొట్టాలు దించి, యంత్రంతో వేడి తోడి ఇళ్ళు వెచ్చబెట్టుకుంటారట. అదే యంత్రాన్ని ఎదురు నడిపితే గదిలో వేడిని నేలలోకి తోస్తుందట. ఒక యూనిట్ కరెంటు తిని నాలుగు యూనిట్ల వేడిని మోసుకుపోతుందట. ఇంకేం, పెరట్లో బోరు దిగింది. యంత్రం కంటే బోరుకే ఎక్కువ ఖర్చైంది. పీఎఫ్ డబ్బులో సగం మట్టిలో కలిసింది.

పన్నులో కొంతైనా తిరిగొస్తుందని ఆశపడ్డాడు. బెంగాలీ ఆడిటర్ మృత్యుంజయ దా నవ్వేసి, ఇంటికైతే పైసా రాదనీ, వ్యాపారానికైతే యంత్రం తరుగుదల కింద పన్ను బాగానే తగ్గించుకోవచ్చనీ చెప్పాడు. కలకత్తాలో ట్యూషన్‌ను మించిన సులువైన వ్యాపారం ఏముంది? శేషయ్య ముందు హాల్లో బెంచీలు వేయించి లెక్కల ట్యూషన్ పెట్టాడు. లలిత గదికని వేసిన గొట్టాన్నే చీల్చి హాలుకు కూడా లాగాడు. రెండిటికీ కావాలంటే రెండో బోరు వేయాల్సిందేనని యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు అన్నారు. అమ్ముకునేవాడు అలాగే అంటాడని ఈయన కొట్టిపారేశాడు.

మొదటి వేసవి హాయిగా గడిచింది. రెండోది ఫరవాలేదనిపించింది. మూడో వేసవికి యంత్రం రొద పెట్టడమే తప్ప గది చల్లబడటం లేదు. చలిదేశంలో ఎండాకాలం నేలకిచ్చిన వేడిని చలికాలంలో మళ్ళీ తోడుకుంటారు. ఇక్కడ తోడుకునేదెవరు? హాలు నిండా పిల్లల ఒంటివేడిని ఏడాది పొడుగునా ఒకే గోతిలో కుమ్మరించాడు. కొలిమిల దగ్గర తలనెరిసిన మనిషికి ఆ ముక్క మూడో ఏడు దాకా తట్టలేదు.

తట్టాకైనా ట్యూషన్ మూసేయొచ్చు కదా. ఏడాది మధ్యలో ఎత్తేస్తే పన్నువాళ్ళు లెక్కలడుగుతారని భయం. లలిత ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏటండీ, ఎన్నాళ్ళు ఆ నేలని నమ్ముకుంటారు? ఒక ఏసీ కొనీయండి."

"వానలు పడనీ. నేల దానంతటదే సల్లబడిపోతాది."

ఏసీ కొంటే ఓడిపోయినట్టు. అందుకని అది తప్ప అన్నీ చేశాడు. చివరికి పగటిపూట లలిత గది వైపు గొట్టం కట్టేసి, ఉన్న కాస్త చలవనూ హాలుకే మళ్ళించాడు. సాయంత్రం తిప్పేస్తానుగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన బోర్డు మీద లెక్క చేస్తున్నాడు. లలిత గోడ పట్టుకుని హాలు గుమ్మందాకా వచ్చింది. చీర చెమటతో ఒంటికి అతుక్కుపోయింది, మోకాళ్ళు వణుకుతున్నాయి. పిల్లలంతా తలలు తిప్పి చూశారు. శేషయ్యకు సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. కాసేపు ఆగమన్నట్టు చెయ్యెత్తి, బోర్డు వైపు తిరిగి మిగతా లెక్క పూర్తి చేశాడు. అంతలో వెనక పెద్ద చప్పుడైంది.

తుంటి విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టర్లు, ఈ జబ్బు మనిషి ఇక లేచి నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నారు.

ఆ వారమే ట్యూషన్ మూతపడింది. పన్నువాళ్ళు అడిగింది అడిగారు, కట్టింది కట్టాడు. వానలు పడ్డాయి, దసరా పూజ సెలవులు వచ్చాయి. ఒకే గది భారం కావడంతో నేల మెల్లగా తేరుకుంది. శేషయ్య లలిత మంచం పక్కన కూర్చుని, గొట్టంలో నీళ్ళు మునుపటిలా చల్లగా వస్తున్నాయని చెప్పాడు. ఆ చెప్పడంలో ఇంకా కాస్త గర్వం ఉంది.

లలిత పైకప్పు కేసి చూస్తూ విన్నది.

"ఆ రోజు మీరు నన్ను సూడలేదేమో అని ఇన్నాళ్ళూ అనుకున్నానండి," అంది. "కానీ సెయ్యెత్తేరు కదా."