పొక్కిన మాట

మాత్ర పనిచేసేదాకా మెత్తచెయ్యి కత్తి ముట్టడు. కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టి, క్షౌరశాల గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడతాడు. అతను గడ్డం గీస్తే ఆ సంగతి చర్మానికే తెలియదని ఆ వీధివాళ్లు ముప్పై ఏళ్ల కిందట పెట్టిన పేరది.

చెయ్యి నిలకడపడ్డాక లెక్కల మాస్టారి మెడకు గుడ్డ చుట్టాడు.

"గడ్డం వద్దులే. జుట్టొక్కటి చాలు."

పదిహేనేళ్లుగా గీయించుకుంటున్న మనిషి. మెత్తచెయ్యి అద్దంలో ఆయన కళ్లకోసం వెతికాడు. మాస్టారు చూపు తిప్పుకున్నాడు. ఎవరో చెవిన వేశారు.

వణుకు జబ్బు సంగతి డాక్టరు కాక ఎరిగింది అక్క ఒక్కతే. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి దగ్గరే ఉంటోంది. పోయిన వారం ఎవడో షాపుకు ఫోన్ చేసి, "మీ వణుకుకు మా దగ్గర మందుందండీ" అన్నాడు. ఆ సాయంత్రమే ఇంట్లో నిలదీశాడు.

"ఎవరెవరికి చెప్పావక్కా?"

"నేనెందుకు చెప్తానురా."

ఆనాటి నుంచి ఆమె వడ్డిస్తే తలెత్తకుండా తిన్నాడు. పక్కింటావిడతో మాట్లాడుతుంటే కిటికీ చాటున చెవులు రిక్కించాడు.

మధ్యాహ్నం, అతను చూపించుకునే ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. రోగుల వివరాలు కంప్యూటర్లలోంచి ఎవరో దొంగిలించారట. చింతిస్తున్నారట. కింద సంతకం చేసి పంపితే ఏడాదిపాటు పరీక్షలు ఉచితమట. ఉచితం అనేసరికి అతనికి మళ్లీ అనుమానం పట్టుకుంది. షాపు మూసి, మేడమీది వకీలమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఆమె చిన్న అక్షరాలమీద వేలుపెట్టింది. "సంతకం పెట్టకండి. పెడితే ఇక దావా వెయ్యనని ఒప్పుకున్నట్టే. మీవి ఏమేం పోయాయో ముందు రాతపూర్వకంగా అడుగుదాం. ఇలాంటివి చూసే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేద్దాం. మీలాంటివాళ్లతో కలిసి కోర్టుకూ వెళ్లొచ్చు. కానీ నష్టం మనమే చూపించాలి. ఫోన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో రాసుకున్నారా?"

"లేదండీ."

"ఇంకేమైనా నష్టం జరిగిందా?"

"మా అక్కను అనుమానించానండీ."

వకీలమ్మ కలం ఆగింది. "అది కోర్టులో ఎలా అడగాలో నాకు తెలీదు," అంది.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ తాళంచెవి అందిస్తూ, "మీ అక్క పొద్దున్నే బస్సెక్కింది. చెల్లెలింటికట. ఇక అక్కడే ఉంటానంది. మీతో చెప్పలేదా?" అంది.

దండెంమీద చీరలు లేవు. వంటింట్లో గిన్నెలమీద మూతలు పెట్టి ఉన్నాయి. ఇంటి ఫోను పక్కన ఒక నోటుబుక్కు తెరిచి ఉంది. అక్క గుండ్రటి అక్షరాల్లో తేదీ, టైము, ఫోన్ చేసినవాడి నంబరు, వాడన్న మాట. మూడు నెలలుగా వచ్చిన ఫోన్లన్నీ అందులో ఉన్నాయి. ప్రతి వరుస చివరా ఒకటే రాసుంది: "అలాంటి జబ్బు ఈ ఇంట్లో ఎవరికీ లేదని చెప్పాను."