లక్ష లైన్లకు ఒకే పేరు

ఆ ఆఫీసులో ఒక బావా, అతని బావమరిదీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మూడేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. ఆస్తి తగాదా అయితే ఏ పెద్దమనిషో తీర్చేవాడు. ఇది ప్రోగ్రాములో లైను ముందు వదిలే జాగా గురించి. లైనును కాస్త లోపలికి జరపాలంటే స్పేసు మీట నాలుగుసార్లు నొక్కాలంటాడు బావ. ట్యాబు మీట ఒక్కసారి నొక్కితే చాలంటాడు బావమరిది. తెరమీద చూస్తే రెండూ ఒకటే. అయినా ఎవరికి వాళ్లు తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు.

సోమవారం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు బావ తెగించాడు. బస్సు టిక్కెట్లు అమ్మే ఆ ప్రోగ్రాములో పన్నెండేళ్లుగా పోగుపడ్డ లక్ష లైన్లలో ట్యాబులన్నిటినీ ఒక్క దెబ్బకు స్పేసులు చేసి, లేని మీసం దువ్వుకున్నాడు.

తిరిగొచ్చిన బావమరిది అరుస్తాడనుకుంటే నవ్వాడు.

"కానీ బావా. ఇక రాజ్యం నీదే."

ఆ నవ్వుకు అర్థం మంగళవారం తెలిసింది. ఏ లైనును చివరగా ఎవరు ముట్టుకుంటే పక్కన వాళ్ల పేరే పడుతుంది. తప్పు దొరికితే ఆ పేరున్నవాళ్లే సరిచేయాలి, చేసేదాకా సెలవు లేదు. ఇప్పుడు లక్ష లైన్ల పక్కనా బావ పేరే. ఎప్పుడో ఉద్యోగం మానేసిన మహానుభావుల తప్పులన్నీ అతని నెత్తినే పడ్డాయి. మొరపెట్టుకుంటే, "మార్చింది నువ్వేగా, నువ్వే చూసుకో" అంది మేనేజరమ్మ. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

పైగా శుక్రవారం సాయంత్రం ఆరింటికి రైలు. సముద్రం చూపిస్తానని భార్యకు ఏడేళ్లుగా చెబుతున్నాడు. రెండుసార్లు టిక్కెట్లు కొని రద్దు చేశాడు. ఈసారి ఆవిడ వారం ముందే పెట్టె సర్దింది.

గురువారానికి ఎనిమిది తప్పులు దిద్దాడు. శుక్రవారం నాలుగింటికి తొమ్మిదోది వచ్చింది, ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోయిందని. బావ తల పట్టుకున్నాడు. అప్పుడే బావమరిదికి అక్క ఫోను. స్పీకరులో పెట్టాడు.

"మీ బావ ఫోనెత్తడం లేదురా. ఈసారీ తప్పితే పెట్టె విప్పేస్తాను, ఇక సర్దను. చెప్పు ఆయనకి."

ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే ఇద్దరికీ భయమేసింది.

బావమరిది కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బావా, ఖాళీల మార్పులు పక్కనపెట్టి, అసలు రాసినవాళ్ల పేరు చూపించే దారొకటుంది. తమాషా చూద్దామని చెప్పలేదు."

"నాలుగు రోజులా?"

"నువ్వు అడిగితే కదా."

మీట నొక్కాడు. అసలు పేరు బయటపడింది. అదీ బావ పేరే. ఎనిమిదేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన నెలలో రాసిన లైను. దాని ముందు అప్పుడు బావ నొక్కింది ట్యాబు.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇలాంటి రోజు కోసమే బావమరిది మూడేళ్లు కాచుకున్నాడు. ఆఫీసంతా వినేలా పిలుద్దామని నోరు తెరిచాడు. చేతిలో ఫోను మీద అక్క పేరు ఇంకా వెలుగుతోంది. నోరు మూసుకున్నాడు.

"ఎవరిదా లైను?" మేనేజరమ్మ వచ్చి నిలబడింది.

"నాదేనండి." బావమరిది తెర మార్చేశాడు. "బావను పంపించేయండి. నేను చూసుకుంటాను."

రైలు కదిలాక, కిటికీ పక్కన కూర్చున్న భార్య అడిగింది.

"ఇంతకీ ఎవరి తప్పటండీ? మావాడిదేనా?"

"కాదు, నాదే. మీవాడు తన మీద వేసుకున్నాడు." అనేశాక సిగ్గేసింది, గుండె బరువు కూడా దిగింది.

అంతలో ఫోను మోగింది. బావమరిది రాశాడు: "సరిచేశాను బావా. నీ లైను కదాని స్పేసు నాలుగుసార్లు నొక్కాను. వేలు నొప్పి పుడుతోంది."

బావ పకపకా నవ్వి జవాబు రాయబోతే, భార్య ఫోను లాక్కుని సంచిలో పడేసింది.